సగం ఎత్తులో బెంచీ

"మీకు సైకిల్ తొక్కడం రాదు కదూ?"

అడిగిన అమ్మాయి తల కూడా ఎత్తలేదు. టేబుల్ మీద పరిచిన డ్రాయింగులో ఒకచోట వేలు పెట్టి, ఆ వేలు తీయకుండానే అడిగింది.

"భలేవారే! ఎందుకు రాదు? బ్రహ్మాండంగా వచ్చు," అన్నాడు డిజైనర్.

అబద్ధం. పచ్చి అబద్ధం. ఆ అబ్బాయి పుట్టి బుద్ధెరిగాక సైకిల్ సీటు మీద కూర్చున్న పాపాన పోలేదు. కానీ గదిలో పెద్దసారున్నారు, ఇద్దరు కాంట్రాక్టర్లున్నారు, టీ తెచ్చిన అటెండరున్నాడు. ఇంతమంది ముందు, సైకిల్ మీద పోయేవాళ్ళ కోసం షెల్టర్లు గీసే మనిషి "నాకు సైకిల్ రాదండీ" అని ఎలా అంటాడు చెప్పండి? ఈత రానివాడు ఈతకొలను తవ్వించినట్టుంటుంది.

సంగతేమిటంటే, నది ఒడ్డున మొదలై, పొలాల మీదుగా, కొండ దాటి, అవతలి సముద్రం దాకా పొడుగాటి సైకిల్ దారి ఒకటి వేస్తున్నారు. కార్లు రావు, లారీలు రావు, సైకిళ్ళకే ఆ దారి. అంత దూరం తొక్కేవాళ్ళు మధ్యమధ్యలో ఆగి ఊపిరి తీసుకోవడానికి షెల్టర్లు కావాలి. ఒక కప్పు, ఒక బెంచీ, సైకిల్ ఆనించే చోటు, మంచినీళ్ళ కుళాయి. ఆ పని మన డిజైనర్ చేతికొచ్చింది. సొంతంగా చేస్తున్న మొదటి పని.

ముందు ఒక్క నమూనా కట్టి చూపించాలి. బావుంటే దారి పొడుగునా అతని షెల్టర్లే. బాగోకపోతే, బస్టాపుల్లో పెట్టే రెడీమేడ్ రేకుల డబ్బాలు తెచ్చి దింపేస్తారు. ఆ డబ్బాల కోసమే కాంట్రాక్టర్లిద్దరూ చకోర పక్షుల్లా కాచుకుని కూర్చున్నారు. బావుందో లేదో తేల్చి సంతకం పెట్టాల్సింది రూట్ ఇన్‌స్పెక్టర్.

ఆ రూట్ ఇన్‌స్పెక్టరే ఈ అమ్మాయి. ఆఫీసులో అందరూ వెనకాల "బ్రేకు" అంటారు. ఎంత జోరుగా పోతున్న ఫైలైనా ఆవిడ టేబుల్ దగ్గరికొచ్చేసరికి కీచుమని ఆగాల్సిందే. ఎదురుగా మాత్రం "మేడమ్, మేడమ్" అంటూ చేతులు కట్టుకుంటారు.

"బ్రహ్మాండంగా వచ్చిన మనిషి దీన్ని ఇక్కడెందుకు పెట్టారు?" అంది బ్రేకు.

ఆమె వేలు కొండెక్కే దారి మీద, సరిగ్గా సగం ఎత్తులో ఉంది.

"అక్కడే కదండీ జనం బాగా అలిసిపోయేది!"

"అలిసిపోతారు. ఆగుతారు. మళ్ళీ ఎలా బయల్దేరతారు?"

"ఎలా ఏమిటండీ? ఎక్కి, తొక్కుకుంటూ."

కాంట్రాక్టర్లలో ఒకాయన దగ్గాడు. పెద్దసారు టీ కప్పులోకి తొంగి చూశారు. ఏం తప్పు మాట్లాడాడో అతనికి అర్థం కాలేదు గానీ, తప్పు మాట్లాడినట్టు మాత్రం అర్థమైంది.

అప్పుడు తలెత్తి అతన్ని చూసిందా అమ్మాయి. కోప్పడి ఉంటే బావుండేది. జాలిపడింది.

"సరే, నమూనా మీరు గీసిన చోటే కట్టండి. నాకేం అభ్యంతరం లేదు. ఈలోగా ఆదివారం పొద్దున్నే ఆ ఎత్తు కిందికి రండి. ఇద్దరం తొక్కుకుంటూ ఎక్కి చూద్దాం. మీ సైకిల్ మీరు తెచ్చుకోండి."

"తప్పకుండా," అన్నాడు డిజైనర్. నోరు అంతే, ఒకసారి అబద్ధం రుచి మరిగితే ఆగదు.

*

ఆదివారం అతను అమ్మ సైకిల్ తీసుకుని బయల్దేరాడు. తీసుకుని అంటే, నెట్టుకుంటూ. అమ్మ ఆసుపత్రిలో హెడ్ నర్సు, ఇప్పటికీ డ్యూటీకి సైకిల్ మీదే వెళ్తుంది. కొడుకు తన సైకిల్ పట్టుకుని వీధి చివరికంటా నడిచి వెళ్తుంటే గుమ్మంలో నిలబడి వింతగా చూసింది.

బ్రేకు అప్పటికే వచ్చి, హెల్మెట్ పెట్టుకుని, నీళ్ళు తాగుతోంది.

"అదేమిటి, నడిపించుకుంటూ వస్తున్నారు?"

"పంక్చరండీ."

ఆమె వంగి రెండు టైర్లూ నొక్కి చూసింది. రాయిలా ఉన్నాయి.

"చైను కూడా కాస్త…"

చైను తిప్పి చూసింది. నూనె వేసి నున్నగా ఉంది. అమ్మ ఊరుకుంటుందా మరి.

"మోకాలు కూడా…"

"ఏ మోకాలు?"

"రెండూనండీ."

నవ్వాపుకోవడానికి ఆమె హెల్మెట్ బెల్టు విప్పి మళ్ళీ బిగించింది. అతనిక తేలు కుట్టిన దొంగలా ఎంతసేపు నిలబడతాడు?

"రాదండీ. నాకు సైకిల్ రాదు."

"ఆ మాట మొన్న ఆఫీసులోనే అంటే సరిపోయేది కదా?"

"పరువు పోయేది."

"ఇప్పుడు ఉందా?"

"ఇప్పుడూ పోయింది. కాకపోతే ఒక్కరి ముందే పోయింది, అదే నయం."

ఈసారి ఆమె నవ్వింది. ఆఫీసులో ఎవరూ చూడని నవ్వు. నవ్వేశాక మళ్ళీ ఇన్‌స్పెక్టర్ అయిపోయింది.

"చూడండి. సైకిల్ రానివాళ్ళు గీసిన షెల్టర్ మీద నేను సంతకం పెట్టను. నేర్చుకోండి."

"ఈ వయసులో నాకెవరు నేర్పుతారండీ?"

"నేను నేర్పుతాను. నేర్చుకునేవాడికి సిగ్గు లేకపోతే చాలు. ఆ పరీక్ష మీరు ఇందాకే పాసయ్యారు."

*

ఊరి చివర మూసేసిన గిడ్డంగి ఒకటుంది. దాని ముందు విశాలమైన సిమెంటు జాగా. పొద్దున్నే అక్కడ క్లాసు. వాకింగ్‌కొచ్చే ముసలి దంపతులు ఒకరిద్దరు ఆగి, టిక్కెట్టు లేని సినిమాలా చూసి వెళ్ళేవారు.

"కిందికి చూడకండి! చక్రం ఎక్కడికీ పారిపోదు."

"పడిపోతానండీ!"

"పడతారు. పడితే లేస్తారు. ముందుకి చూడండి. మీరు ఎటు చూస్తే సైకిల్ అటే పోతుంది."

అది నిజమేనని అతనికి త్వరలోనే తెలిసింది. గోడ వైపు చూశాడు, గోడకి కొట్టుకున్నాడు. పాత డ్రమ్ము వైపు చూశాడు, డ్రమ్ముని పడేశాడు. మూడో వారం, ఆమె చేయి వదిలేసి పక్కకి తప్పుకుంది. అతను నిజంగానే తొక్కుతున్నాడు. ఆ సంతోషంలో ఆమె వైపు తిరిగి చూశాడు.

"అటు కాదు! ముందుకి! ముందుకి చూడండీ!"

వినిపించుకోలేదు. నేరుగా వచ్చి ఆమె సైకిల్‌ని గుద్ది, సైకిల్‌తో పాటు కింద పడ్డాడు.

"కళ్ళెక్కడ పెట్టుకున్నారండీ?"

"ఎటు చూస్తే అటే పోతుందని మీరేగా చెప్పారు," అన్నాడు మోకాలు దులుపుకుంటూ.

అన్నాక గానీ తను ఏమన్నాడో అతనికి తట్టలేదు. ఆమెకి ముందే తట్టినట్టుంది. వంకరపోయిన హ్యాండిల్‌ని అవసరం కంటే ఎక్కువసేపు సరిచేసింది.

ఇంటి దగ్గర అమ్మ దూదీ మందూ తీసింది.

"ఏరా, వార్డులో రోగుల కంటే నీకే ఎక్కువ కట్లు కడుతున్నాను ఈ మధ్య. ఏమిటీ కథ?"

"సైకిల్ నేర్చుకుంటున్నానమ్మా."

అమ్మ నవ్వు ఆపుకోలేక మంచం మీద కూలబడింది. "చిన్నప్పుడు నేర్పుతాను రారా అంటే క్యారియర్ దిగనని మొండికేశావు! నా వీపు పట్టుకుని స్కూలుకెళ్ళడమే తప్ప ఒక్కనాడు పెడల్ ముట్టుకోలేదు. ఇప్పుడెవరు నేర్పుతున్నారు?"

"ఆఫీసులో ఇన్‌స్పెక్టర్."

"పాపం, ఆయనకెంత ఓపిక!"

"ఆయన కాదమ్మా."

"ఓహో," అంది అమ్మ. ఇంకేం అడగలేదు. కట్టు మాత్రం గట్టిగా బిగించింది.

ఒకరోజు క్లాసు మధ్యలో వాన పట్టుకుంది. ఇద్దరూ సైకిళ్ళు ఈడ్చుకుంటూ గిడ్డంగి చూరు కిందికి పరిగెత్తారు. చూరు బెత్తెడే ఉంది. గోడకి అతుక్కుపోయి నిలబడినా ఏటవాలు జల్లు కాళ్ళని తడిపేస్తోంది, పైనుంచి ధార ఆమె భుజం మీదే పడుతోంది.

"ఈ చూరు ఇంకో మూరెడు ముందుకి రావాలండీ," అన్నాడతను పైకి చూస్తూ. "గాలి ఇటు నుంచి కొడుతోంది కదా, ఈ పక్క చెక్కలతో మూసేస్తే సైకిల్ సీటు కూడా తడవదు. సీటు తడిస్తే మళ్ళీ ఎక్కేవాడికి ఎంత చిరాకు!"

ఆమె అతని వైపు అదోలా చూసింది. "వానలో అమ్మాయి పక్కన నిలబడి చూరు గురించి మాట్లాడే మగాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను."

"మరేం మాట్లాడమంటారు?"

"వద్దులెండి. చూరు గురించే చెప్పండి."

అతను చెప్పాడు. ఆమె వింది. వింటూ వింటూ, ధార పడని వైపుకి, అంటే అతని వైపుకి, కాస్త జరిగింది. అతనికి చూరు మాట సగంలో ఆగిపోయింది.

ప్రేమించాడు. ఇందులో దాచేదేం లేదు. ఆ గోడ పక్కన, తడిసిన చెప్పులతో, ఈ అమ్మాయి లేకుండా నాకు ఇక కుదరదు అనుకున్నాడు. ఆ వెంటనే ఇంకో మాట కూడా అనుకున్నాడు. ఇప్పుడు నోరు తెరిస్తే ఏమవుతుంది? సంతకం కోసం కాకా పడుతున్నాడంటారు జనం. ఆమె కూడా అలాగే అనుకుంటే? మింగలేకా కక్కలేకా ఇంటికొచ్చాడు.

*

నమూనా లేచింది. కర్ర స్తంభాలు, ఏటవాలు కప్పు, లోపల నున్నటి బెంచీ. కొండ దారిలో సగం ఎత్తున, కొత్త పెళ్ళికూతురిలా నిలబడింది. ఫొటోల్లో అద్భుతంగా ఉంది.

ఎవరూ ఆగలేదు.

వచ్చే సైకిళ్ళు వస్తూనే ఉన్నాయి. పళ్ళు బిగించి, నడుం వంచి, బెంచీ వైపు ఓరగా ఒక చూపు చూసి, బుసకొడుతూ పైకి పోతున్నాయి. పైన, ఎత్తు అయిపోయిన చోట, ఎండలో, రాళ్ళ మీద కూలబడి ఆయాసం తీర్చుకుంటున్నారు జనం. అతని బెంచీ మీద ఒక ఊరకుక్క మాత్రం క్రమం తప్పకుండా నిద్రపోయేది. కాంట్రాక్టర్లు దాన్ని చూసి మురిసిపోయారు.

చివరికి ఒకనాడు మన డిజైనర్ తనే ఎక్కాడు. బ్రేకు ముందే పైకెళ్ళి నిలబడింది. ఒళ్ళంతా చెమటతో, గుండె నోట్లోకొచ్చి, సగం ఎత్తుకి చేరాడు. ఆగాడు. కుక్కని లేపి, బెంచీ మీద కూర్చున్నాడు. హాయిగానే ఉంది. తరవాత లేచి సైకిలెక్కాడు. ఒక కాలు నేల మీద, ఒక కాలు పెడల్ మీద. తొక్కేలోపే సైకిల్ వెనక్కి జారింది. మళ్ళీ ఎక్కాడు, మళ్ళీ జారింది. ఇంకోసారి ప్రయత్నిస్తే పక్కకి ఒరిగి, తన స్తంభాన్ని తనే ఢీకొట్టాడు.

ఆమె పైనుంచి దిగి వచ్చింది.

"దెబ్బ తగిలిందా?"

"లేదండీ. మీరు ఆరోజు అడిగిన ప్రశ్నకి జవాబు తెలిసింది. సగం ఎత్తులో ఆగినవాడు మళ్ళీ బయల్దేరలేడు. అందుకే ఎవరూ ఆగట్లేదు."

"హమ్మయ్య! అయితే దీన్ని విప్పి పైకి మార్చేద్దాం. బోల్టులే కదా. రిపోర్టులో కూడా అదే…"

"నేనెందుకు ఇక్కడ పెట్టానో ఒక్కసారి వింటారా?"

ఆమె ఆగింది.

"మా అమ్మ నన్ను క్యారియర్ మీద ఎక్కించుకుని ఈ ఎత్తే ఎక్కేది. అప్పుడిది మట్టి దారి. సరిగ్గా ఇక్కడికొచ్చేసరికి ఆమెకి ఊపిరి అందేది కాదు. దిగిపోయి, నన్ను దింపకుండా, నెట్టేది. వెనక కూర్చుని ఆ ఆయాసం వింటూ ఉండేవాణ్ణి. ఇక్కడో బెంచీ ఉంటే బావుండునని అప్పుడే అనుకున్నాను. డ్రాయింగ్ మొదలుపెట్టినప్పుడు మొట్టమొదట గీసింది ఇదే."

ఆమె, పాపం, మెల్లగానే అంది. "అంటే మీరు అమ్మగారి కోసం గీశారు. ఈ దారి సైక్లిస్టుల కోసం కదా."

"మా అమ్మ సైక్లిస్టు కాదా?"

జవాబు లేనప్పుడు మనుషులు రూల్సు మాట్లాడతారు. ఆమె కూడా అదే చేసింది.

"ఖాళీగా ఉన్న షెల్టర్ని వాడుతున్నారని నేను రాయలేనండీ."

"రాయకండి. రేకుల డబ్బాలే పెట్టుకోండి."

అని, సైకిల్ నెట్టుకుంటూ దిగిపోయాడు. అన్న మాటకి కిందికి చేరకముందే బాధపడ్డాడు. అయినా వెనక్కి తిరగలేదు. మొండితనం ఆ ఇంటి సొత్తు.

తరవాత క్లాసుల్లేవు. ఆమె ఫోన్ చేయలేదు, ఇతను చేయలేదు. ఆఫీసు మెట్ల మీద ఎదురైతే "నమస్తే మేడమ్" అన్నాడు. ఆ "మేడమ్" విని ఆమె మొహం ఎలా మాడిపోయిందో, చూసినవాళ్ళు చెప్పారు.

*

ఒకరోజు సాయంత్రం అతను ఇంటికొచ్చేసరికి గోడకి రెండు సైకిళ్ళు ఆనించి ఉన్నాయి. ఒకటి అమ్మది. రెండోది ఎవరిదో అతనికి చెప్పక్కర్లేదు.

వంటింట్లో ఇద్దరూ తువ్వాళ్ళతో జుట్టు తుడుచుకుంటూ టీ తాగుతున్నారు. గుమ్మంలో విప్పిన చెప్పుల నిండా కొండదారి బురద.

"రారా! నీ కొండెక్కి వస్తున్నాం," అంది అమ్మ. "ఈ అమ్మాయి నిన్న ఆసుపత్రికొచ్చి, ఆంటీ, నాతో ఒక్కసారి ఆ ఎత్తెక్కుతారా అని అడిగింది. ఎన్నాళ్ళయిందో ఆ దారిన వెళ్ళి! సరే పదమన్నాను."

అతను ఆమె వైపు చూశాడు. ఆమె టీ వైపు చూసింది.

"మీరే చెప్పండి ఆంటీ, మీ అబ్బాయికి."

"ఒరేయ్, ఆ బెంచీ ఎవరి కోసం కట్టావురా?"

"నీ కోసమే."

"నాకెందుకూ? ఆ ఎత్తులో కూర్చుంటే మళ్ళీ లేచే పనేనా? కాళ్ళు పట్టేస్తాయి. నేనెప్పుడైనా అక్కడ కూర్చుంటానన్నానా? కూర్చుంటానని ఏడ్చింది నువ్వురా! క్యారియర్ కమ్మీలు గుచ్చుకుని, నడుం కింద మంటెత్తి, 'అమ్మా దింపు, అమ్మా దింపు' అని నా ప్రాణాలు తోడేసేవాడివి!"

బ్రేకుకి టీ పొలమారింది.

చూశారా, ఎంత పని జరిగిందో! ఇన్నేళ్ళుగా గుండెల్లో దాచుకున్న అమ్మ కష్టం కాస్తా నడుం కింద మంటగా తేలింది. చివరికి అతనికే నవ్వొచ్చింది.

"నాకు కూర్చోవాలని ఉండేది పైకెక్కాకే," అంది అమ్మ. "పైన అప్పుడు ఏమీ ఉండేది కాదు. ఇప్పుడూ లేదు."

దగ్గు తగ్గాక బ్రేకు కప్పు పక్కన పెట్టింది. గొంతు మారింది.

"కానీ మీరన్నది కూడా నిజమే. ఆంటీ సగంలో దిగారు. దిగి ఏం చేశారో తెలుసా? సైకిల్ వదల్లేదు. సైకిల్‌తో సహా మీ స్తంభానికి ఆనుకుని నిలబడ్డారు. ఊపిరి అందాక నెట్టుకుంటూ కదిలారు. మా వెనకాలే ఇంకో ఇద్దరు దిగి నెట్టుకుంటూ వచ్చారు, వాళ్ళూ అంతే. నేను ఇన్నాళ్ళూ తొక్కేవాళ్ళనే చూశాను. నెట్టేవాళ్ళు నా కంటికి ఆనలేదు. ఆరోజు మిమ్మల్ని అలా అనకుండా ఉండాల్సింది. సారీ."

"నేను కూడా డబ్బాల మాట అనకుండా ఉండాల్సింది."

"అవును, అది మరీ దారుణం."

అతను అప్పటికే దొరికిన కాగితం లాక్కుని గీస్తున్నాడు. షెల్టర్ పైకి పోతుంది, బెంచీతో, కుళాయితో. సగం ఎత్తులో బెంచీ ఉండదు. నడుం ఎత్తున ఒక కర్ర కమ్మీ, మీద సన్నటి కప్పు. మనిషీ సైకిలూ ఇద్దరూ ఆనుకుని నిలబడొచ్చు. ఆమె వంగి, కమ్మీ ఇంకొంచెం కిందికి దించమంది, హ్యాండిల్ తగలకుండా. ఇద్దరి తలలూ కాగితం మీద కొట్టుకున్నాయి.

"క్యారియర్ మీద కూర్చున్న వెధవాయికి కాళ్ళు పెట్టుకోడానికి ఓ చెక్క కూడా వేయండి," అంది అమ్మ, కప్పులు కడుగుతూ.

వెళ్ళేటప్పుడు గేటు దాకా వచ్చాడు.

"ఆదివారం క్లాసుందా?"

"లేదు."

"కోపం పోలేదా ఇంకా?"

"మీకు సైకిల్ వచ్చేసింది కదా. నేర్చుకున్నాక కూడా వస్తే దాన్ని క్లాసు అనరు."

"మరేమంటారు?"

"రిపోర్టు ఇచ్చాక చెబుతాను," అని పెడల్ మీద కాలు వేసి వెళ్ళిపోయింది.

*

షెల్టర్ పైకి మారింది. కమ్మీ లేచింది. సమీక్ష మీటింగు రోజొచ్చింది. అదే గది, అదే టేబుల్, అదే కాంట్రాక్టర్లు. ఈసారి డబ్బాల రంగుల కార్డు కూడా తెచ్చుకున్నారు. డిజైనర్ కుర్చీ అంచున కూర్చున్నాడు. ఇవాళ ఈ అమ్మాయి సంతకం పడితే దారి నిండా తన కప్పులే. పడకపోతే ఇన్నాళ్ళ శ్రమా చెత్తబుట్టలోకి.

పెద్దసారు కాగితం ఆమె వైపు జరిపారు. "ఏమ్మా, చూశావుగా. పెట్టేసెయ్."

ఆమె లేచి నిలబడింది. పెన్ను తీయలేదు.

"ఈ డిజైన్ మీద నేను సంతకం పెట్టకూడదు సార్."

కాంట్రాక్టర్లు రంగుల కార్డు విప్పారు.

"ఏం? బాలేదా?"

"చాలా బావుంది సార్. పైన బెంచీ నిండుతోంది. మధ్యలో కమ్మీ దగ్గర జనం ఆగుతున్నారు."

"మరి నీ బాధేమిటమ్మా?"

"డిజైనర్ కూడా బావున్నాడు సార్. అక్కడొచ్చింది ఇబ్బంది."

టీ తెచ్చిన అటెండరు ట్రేతో సహా గుమ్మంలోనే ఆగిపోయాడు.

ఆమె చెవులు ఎర్రబడ్డాయి, గొంతు మాత్రం వణకలేదు. "నేను సంతకం పెడితే రేపెవరైనా, ఇష్టపడ్డ మనిషి గనక పెట్టిందంటారు. ఇష్టపడ్డ మాట నిజం. ఆయనకి నేనంటే ఏమిటో నాకు తెలీదు, అడగలేదు కూడా. రిపోర్టు చేతిలో పెట్టుకుని అడిగితే బాగోదు. కానీ ఆ షెల్టర్‌కి మచ్చ రాకూడదు సార్. దయచేసి వేరే ఎవరైనా వెళ్ళి చూసి తేల్చండి."

పెద్దసారు కళ్ళజోడు తీసి డిజైనర్ వైపు తిరిగారు. "ఏమోయ్, ఈ ఇబ్బంది ఒకవైపేనా?"

అతను లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది. "రెండు వైపులా సార్! నాకే ముందొచ్చింది సార్. గిడ్డంగి దగ్గర, వానలో…"

"చాల్చాల్లే, వివరాలు వద్దు."

"అయితే సార్, ఇక మా డబ్బాలు…" అని కాంట్రాక్టర్ కార్డు ముందుకి తోశాడు.

"ఉండవయ్యా. వేరే ఎవరినో పంపడమెందుకు? నేనే ఎక్కి చూస్తాను."

*

పెద్దసారు భారీ మనిషి. సైకిల్ తొక్కి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తులేదు. మబ్బు పట్టిన ఆ పొద్దున ఆఫీసు సైకిల్ మీద ఎత్తెక్కడం మొదలుపెడితే, ఒక కాంట్రాక్టర్ గొడుగుతో వెనకాల నడిచాడు. డిజైనరూ బ్రేకూ మాత్రం పైన షెల్టర్ దగ్గరే ఉండాలని ఆయన ఆజ్ఞ. ఇద్దరూ పక్కపక్కనే నిలబడి కిందికి చూస్తున్నారు.

సగం ఎత్తులో ఆయన దిగిపోయారు. చుట్టూ చూశారు. సైకిల్‌తో సహా కమ్మీకి ఆనుకున్నారు. ఎంతకీ కదలరే!

"నచ్చలేదంటారా?" అన్నాడతను.

"ఊపిరి తీసుకోనివ్వండి మనిషిని."

ఆయన కదిలారు. నెట్టుకుంటూ, నెట్టుకుంటూ పైకొచ్చి, బెంచీ మీద కూలబడి, కుళాయి నీళ్ళు మొహాన కొట్టుకున్నారు. అప్పుడే వాన మొదలైంది. దారిన పోయే సైకిళ్ళన్నీ షెల్టర్లోకి దూరాయి, బెంచీ నిండిపోయింది.

"దిగాల్సి వచ్చినందుకు సిగ్గేసిందయ్యా," అన్నారు పెద్దసారు చివరికి. "ఎవరైనా చూస్తున్నారేమోనని చుట్టూ చూశాను. పక్కనే కమ్మీ కనపడింది. సరే, దిగేవాళ్ళుంటారని వీళ్ళకి ముందే తెలుసన్నమాట అనుకున్నాను. ప్రాణం కుదుటపడింది. ఏదీ, కాగితం ఇలా ఇవ్వండి."

రాసుకోవడానికి బల్ల లేదు. కాంట్రాక్టర్‌ని అటు తిరగమని, అతని వీపు మీద కాగితం పెట్టి సంతకం చేశారు.

ఆ కాగితం అందుకున్నాక డిజైనర్‌కి కళ్ళు చెమర్చాయి. తుడుచుకోలేదు. చూరు అంచున, వాన పక్కనే, ఆమె దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"మీరింకా నాకు చెప్పలేదు," అందామె వాన వైపు చూస్తూ.

"మీటింగులో చెప్పానుగా?"

"అది సార్‌కి చెప్పారు."

"నువ్వంటే నాకు ప్రాణం."

ఆమె తిరిగి చూసింది. "నువ్వా?"

"ఇంకా 'మీరు' అంటే ఆ రిపోర్టే గుర్తొస్తోంది."

"సరే అయితే. ఇంకోసారి చెప్పు."

చెప్పాడు. ఈసారి బెంచీ మీద వాళ్ళకి కూడా వినిపించింది. ఎవరో ఈల వేశారు.

అంతలో ఫోన్ మోగింది. అమ్మ.

"ఏమైందిరా?"

"సంతకం అయిపోయిందమ్మా! దారి పొడుగునా మన షెల్టర్లే!"

"సంతోషం నాన్నా. నేనడిగేది అది కాదు. ఆ అమ్మాయి ఏమంది?"

అతను ఫోన్ ఆమె చేతికిచ్చేశాడు.

"ఆంటీ…" అందామె.

అవతల నుంచి అమ్మ గొంతు పక్కవాళ్ళకి కూడా వినపడేంత గట్టిగా వచ్చింది. "ఇంకా ఆంటీ ఏమిటే? ఏమని పిలవాలో తెలీదా నీకు?"

ఆఫీసు మొత్తాన్ని ఆపగలిగిన అమ్మాయి ఈసారి తనే ఆగిపోయింది. అతని వైపు చూసింది, పెద్దసారు వైపు చూసింది, తడిసిన సైకిళ్ళ వైపు చూసింది. మొహమంతా కందిపోయింది.

"అలాగే అత్తయ్యా," అంది.

బెంచీ మీద వాళ్ళు జరిగి కాస్త చోటిచ్చారు. ఇద్దరికి చాలదది. అయినా సర్దుకుని కూర్చున్నారు.